తిరగేసి అచ్చేసిన తాతయ్య

పుస్తకాల పెట్టె విప్పి మొదటి కాపీ తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. అందులో మా జైన్‌వెల్ తాతయ్య తోలుపట్టీ కుడిచేతికి చుట్టుకుని పొద్దుటి ప్రార్థన చేస్తున్నాడు! పట్టీ చుట్టాల్సింది ఎడమచేతికని మా ఆంట్వెర్ప్ నగరపు యూదుల ఇళ్లలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు.

నేను ఎడమచేతికే గీశాను. తాతయ్య జీవితాన్ని మా యిద్దిష్ భాషలో బొమ్మల కథగా వేశాను. మా రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దాన్ని డచ్ భాషలో పుస్తకంగా వేసేవాళ్లు, ఎడమ నుంచి కుడికి చదివే తమ పాఠకుల కోసం ప్రతి బొమ్మనూ అద్దంలో చూసినట్టు తిప్పేశారు. ప్రూఫులు చూసిన మహాతల్లిని నేనే. మాటలు చూశాను, చేతులు చూడలేదు.

ప్రచురణకర్త మార్లీస్‌కి ఫోన్ చేశాను.

"ఏ చేయైతే ఏంటమ్మా, ఎవరు చూడొచ్చారు?" అంది.

"మా తాత చూస్తాడు. జీవితమంతా వజ్రాలకు సాన పట్టిన మనిషి. వెంట్రుకంత గీత కూడా ఆయన కన్ను తప్పించుకోదు."

అసలు ఈ పుస్తకానికి ఆయన్ని ఒప్పించడానికే నా తలప్రాణం తోకకొచ్చింది. నన్ను నవ్వులపాలు చేయనంటేనే గియ్యి అన్నాడు. ఆయన వద్దంటే బయటికి రానివ్వనని మాటిచ్చాను. అంటే నా ఇన్నేళ్ల కష్టం ఆ ఒక్క చేతి మీద వేలాడుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం, ఆ సాయంత్రం మొదలయ్యే సబ్బాతు పండగ రొట్టెలతో పాటు పుస్తకమూ పట్టుకెళ్లాను. తాతయ్య రొట్టెలు పక్కకు నెట్టి భూతద్దం తీశాడు.

"నాకింత పొట్టెక్కడిదే గిటెల్? ఇది మీ మామయ్య పొట్ట."

నవ్వలేకపోయాను. ఆ బొమ్మ రానే వచ్చింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"తప్పు నాదే తాతా, మొత్తం..."

"నోర్ముయ్యవే. ఇందులో నేను రాసేది ఏ చేత్తో?"

ఉత్తరం రాసే బొమ్మ తీసి చూపించాను. కలం ఎడమచేతిలో ఉంది.

"అయితే సరిగ్గానే ఉంది. ఎడమచేత్తో రాసేవాడు పట్టీ కుడిచేతికే చుట్టాలి." భూతద్దం దించాడు. "నాది ఎడమచేతి వాటమే. బడిలో పంతులు ఆ చేతిని బల్లకి కట్టేసి, కుడిచేత్తో రాసేదాకా బాదాడు. మీ నాయనమ్మక్కూడా చెప్పలేదు. నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు తాతా. అచ్చులో తిరగబడింది."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "తిరగబడితే గాని నేను సరిగ్గా రాలేదన్నమాట! రానియ్యి, బయటికి రానియ్యి. పొట్ట మాత్రం తగ్గించమను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ వచ్చింది.

మొదటి కాపీ మీద సంతకం పెట్టమన్నాను. కలం కుడిచేత్తో అందుకున్నాడు. కాసేపు దాన్నే చూసి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. కొత్తగా పలక పట్టిన పిల్లాడి రాతలా వంకర్లు పోయింది.

"ఇప్పుడు కొట్టమను ఆ పంతుల్ని, చూద్దాం," అన్నాడు.