పద్నాలుగో పేరా

నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ఒప్పంద పత్రంలో పద్నాలుగో పేరా దగ్గరికి వచ్చేసరికి మార్లీన్ వాస్‌బర్గ్ ఎప్పుడూ చదివే వేగం పెంచుతుంది. అమెరికాలోని ఒహాయోలో, డబ్బు లేని ముద్దాయిల కోసం ప్రభుత్వం పెట్టిన లాయరు ఆమె. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ పేరా చెప్పేది ఒక్కటే: నేరం ఒప్పుకుంటున్నాను, ఇక పైకోర్టుకు వెళ్లను.

వెండెల్ థార్ప్ ఇళ్ల పైకప్పులు వేసేవాడు. ఎప్పుడో శిక్ష పడిన పాత కేసొకటి ఉంది కాబట్టి తుపాకీ దగ్గరుంచుకోవడమే అతనికి నేరం. పోలీసులు వారంటు లేకుండా అతని గరాజ్‌లోకి చొరబడి, తాత వదిలిపోయిన తుపాకీ పట్టుకున్నారు. ఆ సోదా చెల్లదని మార్లీన్ గొంతు చించుకుంది. చెల్లుతుందని జడ్జి ప్రూయిట్ రెండు వాక్యాల్లో తేల్చేశాడు. పైకోర్టులో ఆ తీర్పు నిలవదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇప్పుడు దాన్ని ఎవరి కంటా పడకుండా పాతిపెట్టే కాగితానికి ఆమోదం తెలపాల్సిందీ ఆయనే. సిగ్గుమాలిన ఏర్పాటు.

సంతకం పెడితే నాలుగేళ్లు. లేదంటే ఇంకో నేరం మోపి పదేళ్లకు పైన వేయిస్తానంది ప్రాసిక్యూటర్ హాడ్లీ. వెండెల్ కూతురికి తొమ్మిదేళ్లు. గడువు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు.

కోర్టులో వెండెల్ చేత ప్రమాణం చేయించాక జడ్జి మామూలు ప్రశ్నలు మొదలుపెట్టాడు. "అప్పీలు హక్కు వదులుకోమని ఎవరైనా నిన్ను బెదిరించారా?"

"పైకోర్టుకు పోతానంటే పదేళ్లన్నారు కదండీ. అది లెక్కలోకి వస్తుందా?"

జడ్జి కళ్లద్దాలు తీశాడు. "అలా అంటే ఈ ఒప్పందాన్ని నేను ఆమోదించలేను. వాస్‌బర్గ్‌గారూ, పది నిమిషాలు తీసుకోండి. మీ క్లయింటుతో మాట్లాడండి."

వరండాలో హాడ్లీ నవ్వింది. "ఏంటి మార్లీన్, మీవాడికి పాఠం సరిగ్గా ఒప్పజెప్పించలేదా? పన్నెండు దాటితే నన్నడగొద్దు."

ముద్దాయిల గదిలో వెండెల్ తల దించుకుని కూర్చున్నాడు. "నిజమే చెప్పమని ఒట్టు వేయించారు కదా మేడమ్. అది బెదిరింపు కాదా?"

"చట్టం దాన్ని బేరం అంటుంది."

"మీరేమంటారు?"

"నేనేమంటే ఏముందిలే. నన్నెవరూ అడగరు."

వెండెల్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నాలుగేళ్లంటే మా పిల్లకి పదమూడు. అంతేగా?"

"అంతే."

"సరే. ఏం చెప్పాలో చెప్పండి."

చెప్పింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు, నా ఇష్టంతోనే వదులుకుంటున్నాను. అతని చేత రెండుసార్లు అనిపించింది. ఒట్టు వేసినవాడికి అబద్ధం నేర్పుతున్న తన నోరంటే తనకే రోత పుట్టింది. అయినా మూడోసారి కూడా అనిపించింది.

ఈసారి వెండెల్ తడబడలేదు. లాయరు పనితో తృప్తేనా అని జడ్జి అడిగితే, "చాలా ఓపిగ్గా నేర్పారండీ" అన్నాడు. ముద్దాయి పూర్తి స్వేచ్ఛతో హక్కు వదులుకున్నాడని జడ్జి రికార్డుకెక్కించాడు. ఆఖరి పేజీ మార్లీన్ ముందుకు వచ్చింది. అంతా వివరించాననీ, క్లయింటు మీద ఏ ఒత్తిడీ లేదనీ లాయరు ధ్రువీకరించే పేజీ అది. పన్నెండుకి ఇంకా ఆరు నిమిషాలుంది. ఆమె సంతకం పెట్టింది.

తీసుకెళ్తున్న గార్డును వెండెల్ ఒక్క క్షణం ఆగమన్నాడు.

"ఈసారి సరిగ్గా చెప్పానా మేడమ్?"

"సరిగ్గానే చెప్పావు" అంది మార్లీన్.