కొవ్వెక్కిన మనిషి

అందరూ తిని లేచాక ఆమె గిన్నెలు సర్దుతూ, అడుగున మిగిలిన అన్నం నోట్లో వేసుకుంది. "అదీ వదలవా?" అన్నాడు భర్త చెయ్యి తుడుచుకుంటూ. పారేస్తే అత్తగారు ఊరుకోదు, తింటే ఆయన ఊరుకోడు.

పెళ్ళినాటికి ఆమె సన్నగానే ఉండేది. రెండో బిడ్డ కడుపులోనే పోయాక ఒళ్ళు వచ్చింది, మళ్ళీ తగ్గలేదు. పొద్దున తినడం మానేసింది. రాత్రుళ్ళు మంచినీళ్ళు తాగి పడుకుంది. ఆకలి మాత్రం వదిలేది కాదు. "ఒళ్ళు కొవ్వి నడుం వంగట్లేదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, కోడలు వంగి ఇల్లు తుడుస్తుండగానే. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి ముందు కౌంటర్లో కూర్చున్న మనిషిని కొత్త మేనేజరు వెనక గదిలోకి మార్చాడు. "అక్కడైతే మీకు కూర్చోడానికి వీలుగా ఉంటుందమ్మా" అన్నాడు ఎంతో మర్యాదగా. ఆ గదికి కిటికీ లేదు. ఇంటికొచ్చి చెబితే భర్త నవ్వాడు. "పాపం, జనం జడుసుకుంటున్నారేమో!"

మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. డాక్టరమ్మ రిపోర్టులు చూసి, "షుగరు మొదలైంది. లివరుకి కొవ్వు పట్టింది" అంది.

"కాస్త నోరు కట్టుకోమని చెప్పండి డాక్టరుగారూ. మా మాట వినదు" అన్నాడు భర్త.

"నోటితో వచ్చిన తంటా కాదండీ. కొవ్వంటే ఒంట్లో ఊరికే పడున్న మూట కాదు. అది హార్మోన్లు తయారుచేస్తుంది. లెప్టిన్ అని ఒకటుంది, 'ఇక చాలు' అని మెదడుకి కబురు చేస్తుంది. ఈవిడ ఒంట్లో అది కావలసినంత ఉంది, మెదడే ఆ కబురు అందుకోవడం లేదు. షుగరుని అదుపులో ఉంచే ఇంకో హార్మోను తగ్గిపోయింది. ఇది తిండియావ కాదు, జబ్బు." తర్వాత ఆమెకేసి తిరిగింది. "మందులు రాస్తాను. వాటితో పాటు నిద్ర కావాలి, వేళకి కూర్చుని తినాలి, రోజూ నడవాలి. నిద్ర సరిగ్గా పడుతోందా అమ్మా?"

"హాయిగా పడుకుంటుందండీ" అన్నాడు భర్త.

ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. వాళ్ళు తిండిపోతని అన్నందుకు కాదు, ఇన్నేళ్ళూ తనూ అదే నమ్మినందుకు.

ఇంటికొచ్చాక డాక్టరు చెప్పినవాటిలో మందులే మిగిలాయి. నడకకి వెళ్తే వంటెవరు చేస్తారు? పెందలాడే పడుకుంటే అంట్లెవరు తోముతారు? "కొవ్వు కూడా కబుర్లు చెబుతుందట, విన్నావా అమ్మా?" అని భర్త తల్లిని నవ్వించాడు. భోజనాల దగ్గర అదే కొత్త వేళాకోళం అయింది. పద్నాలుగేళ్ళ కూతురు మాత్రం నవ్వేది కాదు, కంచంలో అన్నం అటూ ఇటూ జరుపుతూ కూర్చునేది. "ఇదే నయం, తల్లిలా కాకుండా జాగ్రత్తపడుతోంది" అని నాయనమ్మ మెచ్చుకునేది.

ఒక ఆదివారం బాత్రూంలోంచి కక్కుతున్న చప్పుడు వినిపించి ఆమె తలుపు తోసింది. పిల్ల గొంతులో వేలు పెట్టుకుని వంగి ఉంది. గౌను మీంచే వెన్నుపూసలు తెలుస్తున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచే తల్లీ?"

పిల్ల మూతి కడుక్కుంది. "నీలా అయితే నన్నూ అలాగే అంటారుగా అమ్మా."

ఆ మధ్యాహ్నం ఆమె రెండు కంచాలే పెట్టింది. పిల్లని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"మరి మాకేదీ?" అన్నాడు భర్త.

"వంటింట్లో ఉంది, పెట్టుకుని తినండి. రేపు దీన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇక ఈ ఇంట్లో నా ఒంటి గురించి గానీ, దీని ఒంటి గురించి గానీ ఎవరు నోరెత్తినా, వాళ్ళకి నా చేతి వంట లేదు."

"చూశావురా, ఎంత కొవ్వెక్కిందో!" అంది అత్తగారు.

"అవునత్తయ్యా, ఎక్కింది."

పిల్ల రెండు ముద్దలు తిని ఆగిపోయింది. మూడోది వేళ్ళ మధ్యే ఉండిపోయింది. తినమని ఆమె బతిమాలలేదు. తన ముద్ద తను నెమ్మదిగా నములుతూ, పిల్ల పక్కనే కూర్చుని ఉంది.