ఎలుకల ఉపవాసం

నేను ఒక కలరీమీటరును. గాజుగొట్టంలోని ద్రవం రంగు ఎంత చిక్కగా ఉందో ముల్లు కదిపి చెప్పడం నా వృత్తి. ఎక్కడో ఉత్తరాదిన పుట్టి, గడ్డి నింపిన పెట్టెలో రైలెక్కి, అనంతపురంలోని ఒక జంతుశాస్త్ర ప్రయోగశాలకు కాపురానికి వచ్చాను.

ఎందరో లెక్చరర్ల చేతుల్లో నలిగి, చివరికి హైమవతి పాలబడ్డాను. పరిశోధన చేసే ఆ అమ్మాయి నన్ను మెత్తటి గుడ్డతో తుడిచేది. ఆమె అంటే నాకు ప్రాణం. ఆమె పరిశోధన ఆకలి గురించి. తిండి లేని ఎలుక కాలేయం ఒంట్లోని మాంసాన్నే కరిగించి చక్కెర చేసుకుంటుందట. ఆ పనిచేసే ఎంజైము జోరు పెరిగినకొద్దీ గొట్టంలో గోధుమరంగు ముదరాలి.

ముదరలేదు. తిన్న ఎలుకదీ, తినని ఎలుకదీ ఒకటే రంగు. ఎన్నిసార్లు చూసినా నా ముల్లు కదల్లేదు. ఎలుకలు నిగనిగలాడుతున్నా వాటిని ఎవరూ అనుమానించలేదు. చదువుకున్నవాళ్లకు ముందు యంత్రం మీదే కోపం వస్తుంది.

"దీని పని అయిపోయిందమ్మా, గోడౌన్లో పడేయించు," అన్నారు ప్రొఫెసరుగారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పి అబద్ధాలకోరునయ్యాను. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

నన్ను మోసుకెళ్లడానికి, బోనులు కడిగే ఓబులమ్మ వచ్చింది. చేతిలోని ఉప్మా గిన్నె నా పక్కన పెట్టింది.

"టిఫినా ఓబులమ్మా?" అడిగింది హైమవతి.

"నాకు కాదుమ్మా, ఎలకలకు. ఉపవాసం అని నువ్వే చీటీ అంటించినావు గదా. అన్నం పెట్టకూడదని దినామూ ఉప్మానే చేసుకొస్తాండా."

ఆమెకు అర్థం కావాలనే హైమవతి తెలుగులో రాసింది మరి. పగలబడి నవ్వింది. చీటీ చించేసి 'పస్తు' అని రాసింది. నేను గోడౌను గండం గట్టెక్కాను.

ఈసారి రంగు ముదిరింది, ముల్లు ఎగబాకింది. ప్రొఫెసరుగారు నన్ను మెచ్చుకున్నారు, క్షమాపణ మాత్రం అడగలేదు.

"ఇంత రంగు యాడిదమ్మా?" ఓబులమ్మ వంగి చూసింది.

"ఆకలికి వాటి ఒంటిని అవే తింటున్నాయి."

"గంజినీళ్లతో బతికిన ఆ గంజి కరువులో మమ్మల్ని కొలిచింటే దీని ముల్లు ఇరిగిపోతాండె," అని నవ్వుతూ చీపురందుకుంది.

హైమవతి నవ్వలేదు.

కాలం చెల్లి, ఇప్పుడు నేను అద్దాల బీరువాలో హాయిగా ఉన్నాను. పిల్లలు వచ్చి చూసిపోతారు. ఎన్నో కాలేయాల ఆకలి కొలిచినదాన్ని, పక్కనే తిరిగే మనిషి ఆకలి మాత్రం పసిగట్టలేకపోయాను. 'పస్తు' అని తేల్చి రాసేదాకా, ఆకలి ఎరిగిన ఓబులమ్మ ఏదో ఒక సాకుతో ఆ ఎలుకలకు పెడుతూనే ఉండేది.