తువ్వాలు పరిచిన మంచం

మా దేశంలో కుర్చీ మీద తువ్వాలు పరిస్తే ఆ కుర్చీ మనదే. మనం ఎక్కడికి పోయినా, ఎప్పటికి తిరిగొచ్చినా ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. పన్ను ఎగ్గొట్టే పెద్దమనిషి కూడా పరాయివాళ్ల తువ్వాలు జోలికి పోడు. నాకు మాత్రం ఈ పద్ధతంటే చిన్నప్పటినుంచీ ఒళ్లు మంట.

నాతో కలిసి ఉంటున్న ఎక్‌హార్ట్‌కి అది వేదవాక్కు. అందుకే వేడినీటి ఊటల ఊరు బాడెన్-బాడెన్‌లోని ఆ పాత స్నానశాలలో, విశ్రాంతి గదిలోకి అడుగు పెట్టగానే నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. అతను ఎంచుకున్న మంచం పక్క మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది.

"అది ఎవరిదో. నువ్వు ఆ చివర పడుకో."

"ఆ చివరా? మనం జంటగా వచ్చామా, బస్సులో పరిచయమయ్యామా?"

"మెల్లిగా! ఇక్కడ మాట్లాడకూడదు."

ఆ సంగతి నాకూ తెలుసు. ఆవిరి గదుల్లో, గుమ్మటం కింద కొలనులో పొద్దున్నుంచీ నోరు మూసుకునే ఉన్నాను. అసలు అతనితో కలిసినప్పటినుంచీ చాలా విషయాల్లో మూసుకునే ఉన్నాను. ఎక్‌హార్ట్ భార్య రోస్‌విత చనిపోయి ఏళ్లు గడిచాయి. అయినా ఆమె పడుకునే వైపు నన్ను పడుకోనివ్వడు. నడుము నొప్పి, చోటు చాలదు అంటాడు. నేను పక్క గదిలో పడుకుంటాను. ఇక్కడైనా మారతాడేమోనని ఒకే మంచం ఉన్న హోటల్ గది తీసుకున్నాను. రాత్రి పోయి సోఫాలో ముడుచుకున్నాడు. యాభై దాటిన ఆడదానికి ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? అతని పక్కన నాకు చోటుందో లేదో తేలకుండా ఇంటికి వెళ్లకూడదని ఆ పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాను.

తువ్వాలు తీసేశాను. అది తడిగా ఉంది. అప్పుడే ఒంటి మీంచి తీసినట్టు వెచ్చగా కూడా ఉంది. పొద్దున్నుంచీ మేము తప్ప ఎవరూ కనిపించలేదు మరి. కొక్కేనికి తగిలించి మంచం ఎక్కాను. ఎక్‌హార్ట్ ముఖం పాలిపోయింది.

అక్కడ పనిచేసే పెద్దావిడ వచ్చింది. ముందు అతన్ని దుప్పట్లో చుట్టి, తర్వాత నా దగ్గరికొచ్చి కొక్కెం వైపు చూసింది.

"తీసింది మీరేనా?" అంది గుసగుసగా.

"నేనే. వాళ్లొస్తే లేస్తాలెండి."

"వచ్చేవాళ్లు లెమ్మని అడగరమ్మా," అంటూ నా చేతులు లోపలికి తోసి, పసిపిల్లను చుట్టినట్టు గడ్డం దాకా చుట్టేసింది. అక్కడ అందరినీ అలాగే చుడతారు. కాసేపయ్యాక వచ్చి పాదం తట్టి లేపుతారు. కానీ ఆ బిగింపులో నాకు వేలు కూడా కదల్లేదు.

ఆవిడ వెళ్లిపోయింది. నా పక్కన మంచం కుంగింది.

కళ్లు తెరిస్తే ఎవరూ లేరు. దుప్పటి లోపల మాత్రం తడి పాకుతోంది. నాది పొట్టి జుట్టు, చెవులు కూడా దాటదు. అలాంటిది నా మెడ చుట్టూ పొడవాటి తడి జుట్టు చుట్టుకుంది. భయంతో అరుద్దామనుకున్నాను. అప్పుడే ఎక్‌హార్ట్ గొంతు వినిపించింది.

"వచ్చావా? నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు, చూశావుగా. వద్దన్నా వినకుండా తనే తువ్వాలు తీసేసింది."

అంత ప్రేమగా నాతో ఒక్కనాడూ మాట్లాడలేదు. భయం సంగతి తర్వాత, ముందు నాకు కడుపు రగిలిపోయింది. ఇక్కడున్నది నేను, ఆల్ముట్‌ని అని చెప్పడానికి నోరు తెరిచాను.

"చూశాలే, ఎక్కీ," అంది నా నోరు. "రాత్రంతా సోఫాలో ముడుచుకున్నావేం? నడుం విరిగితే నీకెవరు నూనె రాస్తారు?"

నాది బొంగురు గొంతు. ఇది నవ్వు కలిసిన సన్నని గొంతు. అతన్ని నేను ఎప్పుడూ ఎక్కీ అని పిలవలేదు. అలా పిలిచేవాళ్లు ఒకరుండేవారని కూడా నాకు తెలియదు. పక్క మంచం మీద ఎక్‌హార్ట్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెద్దావిడ వచ్చి నా పాదం తట్టింది. "లేచారా ఇద్దరూ?" అంది. ఎక్‌హార్ట్ అప్పటికే లేచి బయటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కాఫీకి కూర్చున్నాం. ఎప్పుడూ ఎదురుగా కూర్చునే మనిషి కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చాడు. తన చెర్రీ కేకులో సగం నా పళ్లెంలో వేశాడు. ముఖంలో పదేళ్లు తగ్గాయి.

"ఆల్ముట్, ఇంటికెళ్లాక నువ్వు ఆ పక్క గదిలో ఉండొద్దు. నా పక్కనే పడుకో, ఆ వైపు. సరేనా?"

ఈ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో దేవుడికే తెలుసు. సంతోషంతో అతని కళ్లలోకి చూశాను. అతను నా కళ్లలోకి చూడటం లేదు. నా పెదవులకేసి చూస్తున్నాడు, లోపలినుంచి ఎవరో వచ్చి తలుపు తీస్తారన్నట్టు. నా బొంగురు గొంతుతో బదులిస్తే ఆ ముఖంలో వెలుగు ఆరిపోతుందని నాకు అర్థమైంది.

గొంతులో ఏదో వెచ్చగా కదిలింది. దగ్గితే పోయేది. కాఫీ ఒక గుక్క తాగినా అణిగిపోయేదే. కప్పు నా చేతిలోనే ఉంది.

"సరే, ఎక్కీ," అంది ఆమె.

అతను నా చెయ్యి కళ్లకద్దుకున్నాడు. నేను కప్పు కింద పెట్టి, ఆ చెయ్యి అతని చేతుల్లోనే ఉంచేశాను.