ట్రంకు పెట్టెలో టపాకాయలు

మా ఆయన నాగేంద్రబాబు గారికి చాదస్తం ఎక్కువ. మిలట్రీలో యుద్ధ ట్యాంకు మనిషి. ఫిరంగి గొట్టంలోకి గుండ్లు ఎక్కించడం ఆయన పని. ఆ గుండ్లన్నీ తన కాళ్ళ పక్కనే ఉంటాయని పోయినసారి వచ్చినప్పుడు నోరు జారారు. అప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఈ సెలవుల్లో ఎలాగైనా ఆ ఉద్యోగం మాన్పించెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

మా తమ్ముడు మహేష్ పెళ్ళికి గుడివాడ నుంచి ముదినేపల్లికి వ్యానులో బయల్దేరాం. మగపెళ్ళివాళ్ళన్నాక దారిలో ప్రతి ఊరి మొదట్లోనూ టపాకాయలు కాల్చాలి, లేకపోతే పరువు తక్కువ. అవన్నీ సీట్ల కింద కుక్కి, పైన పిల్లల్ని కూర్చోబెట్టాం. మా వాళ్ళకి అదేం కొత్త కాదు.

ఈయన చూశారు, వ్యాను ఆపించారు. నా ఇనప ట్రంకు పెట్టె తెరిచి, పట్టుచీరలన్నీ మా అమ్మ ఒళ్ళో కుప్పపోసి, టపాకాయలు అందులో సర్దారు. మూత వేసి పైన తడి గోనెసంచి కప్పారు. పెట్టె వెనక్కి, పిల్లలు ముందుకి. ముహూర్తం దాటిపోతోందని నాన్న గొణిగారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ట్యాంకులోనూ ఇంతేనట. మందుగుండు కిందగా, ఇనప అరల్లో, మూత బిగించి ఉండాలట. చేతిలో ఒక్క గుండే ఉండాలి, దాన్ని ఫిరంగిలో పేల్చాకే ఇంకోదానికి మూత తియ్యాలట.

ముదినేపల్లి పొలిమేరలో మహేష్ స్నేహితుడు ఏసుబాబు వ్యాను తలుపు దగ్గర నిలబడి తారాజువ్వ వెలిగించాడు. చెరువుల మీది గాలికి అది వెనక్కి తిరిగి లోపలికే దూసుకొచ్చింది. సరిగ్గా పెట్టె మీద పడి, తడి గోనె మీద బుస్సుమంటూ కాసేపు గెంతి ఆరిపోయింది. ఏసుబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. మా అమ్మాయి హారిక మాత్రం ఇంకోటి వెయ్యమని చప్పట్లు కొట్టింది. దాంతో అందరికీ నవ్వొచ్చింది.

నాకు రాలేదు. ట్యాంకులో ఈయన కాక ఇంకెంతమంది ఉంటారని అడిగాను. ముగ్గురట, అందరూ కుర్రాళ్ళేనట.

"మరి మూత వేసేదెవరు?"

"నేనే. వాళ్ళు అటు తిరిగి చూడను కూడా చూడరు."

ఉద్యోగం మానెయ్యండి అని అందామనుకున్నదాన్ని ఆగిపోయాను. ఆ పిల్లలకీ ఇళ్ళ దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఉంటారు కదా. పెళ్ళివారి మధ్య కూర్చుని ఏడుపొచ్చేసింది.

"వెళ్ళండి," అన్నాను. "వెళ్ళి, ఆ ముగ్గురికీ మూత వెయ్యడం నేర్పించి మరీ రండి."