నక్షత్రం కడ్డీ

నూట పాతికేళ్ల నాటి చర్చి అది. మూరెడు మందం సున్నపు గోడలు, టేకు దూలాలు, కింద నాపరాళ్లు, పీఠం వెనక గూట్లో మరియమ్మ స్వరూపం. వీటన్నిటి మధ్య ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా, పైన ఒక ఇనప కడ్డీ. అదెందుకుందో ఊళ్లో ఎవరికీ తెలీదు. ఏటా క్రిస్మస్‌కి దానికి కాగితం నక్షత్రం కడతారు కాబట్టి, అందుకే పెట్టారనుకుని నక్షత్రం కడ్డీ అన్నారు. గోడల బయట దాని కొసలకి పువ్వుల్లాంటి ఇనప బిళ్ళలుంటే, అవేవో సోకు అనుకుని ప్రతి పండక్కీ పసుప్పచ్చ రంగు కొట్టారు.

ఈసారి పండక్కి పెద్ద తెర పెట్టాలని సంఘపెద్ద బాలశౌరికి సరదా పుట్టింది. తెరకి కడ్డీ అడ్డం. ఇంకేం, పర్చూరు నుంచి వెల్డింగు గఫూర్‌ని పిలిపించాడు.

గఫూర్ పరంజా ఎక్కాడు. కడ్డీని తాళ్లతో దూలానికి కట్టుకుని, దక్షిణపు గోడ పక్కన కోశాడు. తెగిన మరుక్షణం ఠంగుమని చర్చంతా మోగింది. తెగిన కొసలు రెండూ రెండు వేళ్ల ఎడంగా జరిగాయి. కిటికీ పైన పొద్దున లేని బీట ఒకటి కనబడింది.

"ఏమైందిరా?" కింద నుంచి బాలశౌరి అరిచాడు.

"ఏం లేదండీ" అన్నాడు గఫూర్. అని, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగితే కదా! ఎల్లుండే పండగ. ఆ గోడల మధ్య ఎనిమిదొందల మంది కూర్చుంటారు.

వాళ్లమ్మ జైతున్‌బీ నిలదీస్తే చెప్పేశాడు. కమ్మరి పెళ్లాంగా ముప్పై ఏళ్లు కొలిమి ముందు కూర్చున్న మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

"గోడలు బయటికి జారకుండా పట్టుకున్న కడ్డీరా అది! బండి చక్రానికి మీ నాన్న ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడిగేవాడు కదా, చల్లారితే ఏమయ్యేది?"

"బిగుసుకునేది."

"మరి చూస్తావేం? లే. ముందు ఫాదర్ గారితో నిజం చెప్పు."

"తప్పు చేశానండీ. గోడ కదిలిందని తెలిసీ ఏం లేదన్నాను" అన్నాడు గఫూర్ ఆ రాత్రే వెళ్లి, తల ఎత్తకుండా. ఫాదర్ ఇన్నయ్య గారు లేచి వెళ్లి చర్చికి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

"బాగు చేయగలవా?"

"చూస్తానండీ."

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. తెగినచోట కొత్త ముక్క వేసి అతికాడు. కడ్డీని మంటతో ఎర్రగా కాల్చాడు. కాలి సాగినప్పుడల్లా, బయట నిచ్చెన మీదున్న బాలశౌరి పానాతో బిళ్ళ మీది నట్టు బిగించాడు. తెర సరదా తీరిపోయి, చెప్పిన పనల్లా నోరెత్తకుండా చేస్తున్నాడు పాపం. కడ్డీ చల్లారుతూ, గోడల్ని లోపలికి లాగుతూ మూలిగింది. మూడుసార్లు అలా కాల్చి బిగించాక గఫూర్ బీట దగ్గరికి పోయి గోరు పెట్టి చూశాడు. గోరు దూరలేదు. పరంజా మీదే కూలబడి ఏడ్చేశాడు. అంత హాయిగా అతను ఏనాడూ ఏడవలేదు.

ఫాదర్ గారు మాత్రం ఆ బీట మీద పల్చగా సున్నం పూయించారు. గోడ ఇంకా కదిలి తెల్లారేసరికి సున్నం చిట్లితే, పూజ బయట షామియానా కిందే. తెల్లారింది. సున్నం మీద గీత కూడా పడలేదు. అప్పుడు జేబులోంచి తాళంచెవి తీశారు.

పండగ పూజకి జనం కిటకిటలాడారు. జైతున్‌బీ అందరికంటే ముందొచ్చి దక్షిణపు గోడకి చేరగిలబడింది. తన కొడుకు బిగించిన గోడ పక్కన తను కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారని ఆమె లెక్క. బాలశౌరికి ఇంకా బెదురు తీరలేదు. గోడకి దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ప్రసంగం సగంలో ఉండగా పక్కనే కూర్చున్న గఫూర్ వైపు వంగి గుసగుసలాడాడు.

"ఒరేయ్, మీ అమ్మ నిద్రపోతోంది. లేపు."

"పడుకోనీయండి. రెండ్రోజులుగా కన్ను మూయలేదు" అన్నాడు గఫూర్.

బాలశౌరి ఆమె వంక చూశాడు. గోడ వంక చూశాడు. తర్వాత మెల్లగా జనాన్ని దాటుకుంటూ పోయి, ఆమె పక్కనే కూర్చుని, వీపు గోడకి ఆనించాడు.