మొదటి అరవై అడుగులు

బోర్డు మీద 13.9 అని పడింది.

షామియానా కింద చప్పట్లకు లేచిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. రన్‌వే చివర మా ఎర్రకారు మెల్లగా వెనక్కి తిరుగుతోంది. నా చేతిలోని కాగితం మీద నేను రాసిన అంకె 12.8. అదే అంకె నా వెనక బ్యానరు మీద రెండడుగుల ఎత్తున వేలాడుతోంది.

కారు పేరు తురగ. మడికొండ షెడ్డులో మూడేళ్లు కష్టపడి తయారుచేసిన స్పోర్ట్స్ కారు. ఇలాంటి కారు సత్తా తేల్చే పరీక్ష ఒక్కటే. నిలబడ్డ చోటి నుంచి బయల్దేరి పావు మైలు, అంటే నాలుగు వందల రెండు మీటర్లు, ఎన్ని సెకన్లలో దాటుతుంది? కారు బరువు, ఇంజను బలం, టైర్ల పట్టు లెక్కగట్టి ఆ సెకన్లు ముందే చెప్పడం నా ఉద్యోగం. నా పేరు మహిత. నా లెక్కకూ బోర్డుకూ మధ్య సెకనూ పైచిలుకు తేడా వచ్చింది. ఆ వేగంలో అది పన్నెండు కార్ల పొడవు వెనకబడటం.

కారు వచ్చి ఆగీ ఆగకముందే కంపెనీ యజమాని విజయ్‌కుమార్ వెళ్లి తలుపు తెరిచాడు. నడిపిన ఉపేందర్ హెల్మెట్ తీసి కిందికి దిగాడు. ఇంజను సర్దిందీ ఆయనే, నడిపేదీ ఆయనే.

"బయల్దేరేటప్పుడు టైర్లు ఉన్నకాడనే ఎందుకు తిరిగినయ్ ఉపేందర్?"

ఉపేందర్ షామియానా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"పోయిన వారం మనకు పోటీ ఉన్న పుణె కంపెనీ నుంచి నీకు ఫోనొచ్చింది. నాకు ఎరుకనే. ఇయ్యాల పొద్దుగాల ఐదింటికి గేటు తీసినవ్. రిజిస్టర్ల నీ సంతకం ఉంది. గా టైంల నీకు ఇక్కడేం పని?"

"తీసిన సార్. ఎందుకో అడుగకుండ్రి. బండిని మాత్రం ముట్టలే."

విజయ్‌కుమార్ చెయ్యి చాపి కారు తాళం అడిగాడు. ఉపేందర్ మారు మాట్లాడకుండా ఇచ్చాడు. మిగిలిన పరుగులు తనే నడుపుతానని, ఉపేందర్ ఇక రానవసరం లేదని విజయ్‌కుమార్ అందరి ముందూ చెప్పాడు.

టైము కొలవడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి శ్యాంసుందర్ గడియారం చూసుకున్నాడు. పది దాటింది. మొత్తం మూడు పరుగులు, అన్నీ పన్నెండు లోపే, ఆ తర్వాత ఆయన యంత్రాలు సర్దుకుని వెళ్లిపోతాడు. విఫలమైన పరుగుకు కారణం, బాధ్యుల పేరు ఆయన తన ఫారంలో రాయాలి. దేశంలో ఇలాంటి పరీక్షలు జరిపే ప్రతి చోటా ఆ ఫారం చూస్తారు. కావాలని పరుగు చెడగొట్టాడని అందులో పడితే ఉపేందర్‌ను మళ్లీ ఎవరూ స్టీరింగు ముట్టనివ్వరు.

నా ప్యాంటు జేబులో అద్దం పగిలిన స్టాప్‌వాచ్ ఒకటి ఉంటుంది. అది ఉపేందర్ ఇచ్చిందే. ఇంటర్ చదివే రోజుల్లో సుబేదారిలో ఆయన మెకానిక్ షెడ్డు ముందు రోజూ అరగంట నిలబడేదాన్ని. కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వలేదు. ఒకరోజు స్టూలు జరిపి, చేతిలో స్పానర్ పెట్టి, బుల్లెట్ ఇంజను విప్పమన్నాడు. విప్పాను. మళ్లీ బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆ బండి యజమానికి ఏవేవో సాకులు చెప్పి పంపించాడే తప్ప నా చేతిలోంచి స్పానర్ తీసుకోలేదు. ఇవాళ నేను ఇక్కడ నిలబడి అంకెలు చెబుతున్నానంటే ఆ స్టూలు పుణ్యమే.

విజయ్‌కుమార్ దగ్గరికి వెళ్లి అరగంట అడిగాను. కారణం దొరక్కపోతే ఆయన ఇష్టం అన్నాను. ఆయన చిరాకుగా తలూపాడు.

లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

మొదట చివరి వేగం చూశాను. గంటకు నూట డెబ్బై ఒకటి వస్తుందని రాశాను, నూట డెబ్బై వచ్చింది. ఇంజను బలం తగ్గి ఉంటే ఈ అంకె పడిపోయేది. పడలేదు. ఇంజనును ఎవరూ ముట్టలేదు.

తర్వాత ముక్కలు ముక్కలుగా చూశాను. రన్‌వే మీద కారు వెళ్లే దారికి ఆనుకుని ఇనుప స్తంభాలు ఉంటాయి, వాటికి టైము పట్టే కళ్లు. మొదటిది బయల్దేరే గీత దగ్గర, రెండోది అరవై అడుగుల దగ్గర. ఆ అరవై అడుగులకు నా లెక్క 1.9 సెకన్లు. పట్టింది మూడు. అక్కడి నుంచి చివరిదాకా నా లెక్క ఎక్కడా తప్పలేదు. పోయిన కాలమంతా మొదటి అరవై అడుగుల్లోనే పోయింది.

నా భుజం మీదుగా చూస్తున్న విజయ్‌కుమార్, డ్రైవరు మోసం చేయగలిగింది కూడా అక్కడేనని, పెడల్ మరీ గట్టిగా తొక్కితే టైర్లు ఉన్నచోటే తిరుగుతాయని అన్నాడు. నిజమే. పెడల్ ఎప్పుడు ఎంత తొక్కాడో చూపే గీత తెరిచాను. ఈ వారం ఇదే రన్‌వే మీద చేసిన తొమ్మిది సాధన పరుగుల గీతలు దాని మీద పేర్చాను. పది గీతలూ ఒక్కటైపోయాయి. ప్రతిసారీ ఎలా తొక్కాడో ఇవాళా అలాగే తొక్కాడు.

"మరి?" అన్నాడు విజయ్‌కుమార్, ఈసారి కొంచెం మెత్తగా.

ఇంజను కాదు, డ్రైవరు కాదు. మిగిలింది రోడ్డు. నిన్న సాయంత్రం నేనే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశాను, శుభ్రంగా ఉంది. కొత్త టైర్లు అరుగుతాయని ఈ ఉదయం సాధన పరుగు పెట్టలేదు. రాత్రి గేటుకు తాళం ఉంది. అంటే ఏం జరిగినా ఐదింటి తర్వాతే జరిగింది.

బయల్దేరే గీత దగ్గరికి పరుగెత్తాను. ఎవరో ఫ్లయింగ్ క్లబ్బు కోసం ములుగు రోడ్డు పక్కన వేసి వదిలేసిన రన్‌వే అది. తెల్లటి సిమెంటు. మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో తడిమాను. పొడిగా, గరుకుగానే ఉంది. గీతకు కొద్దిగా వెనక నీళ్ల మడుగు. బయల్దేరే ముందు అక్కడ టైర్లు తడిపి గిర్రున తిప్పి వేడెక్కిస్తాం. ఆ మడుగులో వేలు ముంచి గీతకు ముందున్న సిమెంటు మీద రుద్దాను.

వేలు సర్రున జారింది.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బియ్యపు గంజి. అందులో కొబ్బరినూనె.

ఆ వాసనలోనే నేను పెరిగాను. కొత్తవాడలో మాది చేనేత ఇల్లు. పడుగు దారాలు మగ్గానికి ఎక్కించే ముందు వాటిని వీధి పొడవునా రెండు గుంజల మధ్య బిగించి, నూనె కలిపిన గంజి పట్టించి, కుంచెతో తోమి ఆరబెడతారు. అలా చేయకపోతే నేసేటప్పుడు దారం తెగుతుంది. ఇప్పుడు మా వీధిలో ఆ పని చేయడానికి జాగా లేదు. ఇటు బైకులు, అటు ఆటోలు.

తలెత్తి స్తంభం చూశాను. నా నడుము ఎత్తులో, ఇనుముకు చుట్టుకుని తెల్లటి నూలు పోగు ఒకటి. అరవై అడుగుల స్తంభం దగ్గరికి వెళ్లాను. అక్కడా ఒకటి. సిమెంటులో గుంజలు దిగవు కాబట్టి, పాతి ఉన్న గుంజలు వెతుక్కున్నారు. వాటి మధ్య కారిన గంజి తెల్లటి సిమెంటు మీద ఆరి కనిపించకుండా పోయింది. తడి టైరు దాని మీదికి ఎక్కగానే అది మళ్లీ గంజి అయింది.

షామియానా వైపు చూశాను. రెండో వరుసలో మా తాత కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ ధోవతి, తెల్ల లాల్చీ, ఒడిలో గుడ్డమూట. నేను చూశానని తెలిసి చెయ్యి ఊపాడు. ఇంత దూరం నుంచి కూడా ఆ వేళ్లు తెల్లగా కనిపించాయి.

ఉపేందర్ టైర్లు తెచ్చిన వ్యాను వెనక నీడలో కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"తాతను నువ్వే తోలుకొచ్చినవా అన్నా?"

ఆయన నా వేలికి అంటిన గంజి చూశాడు. దాచి లాభం లేదని అర్థమైనట్టుంది.

"నీకు చెప్పద్దన్నడు. వచ్చే నెల హైదరాబాద్‌ల కారును జనానికి చూపెట్టేటప్పుడు పైన కప్పే గుడ్డ తనే నేస్తడట. మూడేండ్లాయె మగ్గం బంద్ చేసి. నా మనుమరాలి కారు, దుకాణం గుడ్డ కప్పుతరా అన్నడు. పడుగు సాపుకునేందుకు జర జాగ సూపియ్యమని అడిగిండు. గేటు తీసి నేను టైర్లు దించుకునే పనిల పడ్డ. గంజి కారుతదని నాకేం ఎరుక?"

"ఎప్పుడు తెలిసింది?"

"టైరు జారంగనే."

"మరి సార్ అడిగితే చెప్పవైతివి?"

"ముసలాయన నిన్ను సూసుకుంట మురిసిపోతాండు చెల్లె. గాయిన ముందట ఎట్ల చెప్పాలె?" అని నేల మీది గడ్డిపోచ తెంపాడు. "నువ్వు షెడ్డుకు రావట్టినప్పుడు మీ వాడకట్టంతా మీ తాతను నిలదీసింది. ఆడివిల్లను మెకానిక్ షెడ్డుకు తోలుతవా అని. ఉపేందర్ దగ్గరికే గదా అన్నడు. గంతే. నన్ను గట్ల నమ్మినోడు ఇంకోడు లేడు. నాకేమైతది, మళ్ల షెడ్డు తెరుసుకుంట. ఫికర్ చెయ్యకు."

ఏడవడానికి టైము లేదు. పదకొండు కావస్తోంది.

ఆరిన గంజి చన్నీళ్లకు పోదు, వేన్నీళ్లు కావాలి. అతిథుల భోజనానికి షామియానా వెనక పొయ్యి వెలిగించి ఉంది. వంట చేసే మొగిలమ్మ రెండు పెద్ద గుండిగల్లో అన్నానికి ఎసరు పెట్టింది. నీళ్లు సలసలా కాగుతున్నాయి. అవి నాకు కావాలన్నాను. ఎందుకని అడగకుండా, అన్నం ఆలస్యమైతే అందరికీ నువ్వే చెప్పుకో అని మాత్రం అంది. షెడ్డు మనుషులు సబ్బుపొడి చల్లారు, చీపుర్లు పట్టారు. టైర్లు కూడా వేన్నీళ్లతో కడిగాం. విజయ్‌కుమార్ వచ్చి రోడ్డు మీద ఏం పడింది, ఎవరు పోశారు అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు.

"ముందుగాల పరుగు సార్, తర్వాత పేరు. నడిపేది మాత్రం ఉపేందరన్ననే. ఈసారి 12.8 రాకపోతే ఆయన ఎనకనే నేనూ గేటు దాటుత."

ఆయన నా వైపు, చీపుర్ల వైపు, మళ్లీ నా వైపు చూశాడు. తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

పదకొండూ ముప్పావుకు రన్‌వే ఆరింది. ఉపేందర్ టైర్లు తడిపి తిప్పాడు. పొగ లేచింది. గీత దగ్గర కారు ఆగింది. పచ్చలైటు వెలగగానే నేను అద్దం పగిలిన ఆ స్టాప్‌వాచ్ మీట నొక్కాను. ఈసారి టైర్లు అరవలేదు. కారు నేలను పట్టుకుని దూకింది. మొదటి స్తంభం, రెండో స్తంభం. లాప్‌టాప్ మీద 1.9 వెలిగింది. ఆ తర్వాత నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను. పెద్దగా చప్పట్లు వినిపించాక తెరిచాను.

బోర్డు మీద 12.8.

విజయ్‌కుమార్ నడుస్తూ వెళ్లి, కారు దిగుతున్న ఉపేందర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. తప్పుగా అనుకున్నానని అందరూ వినేలా చెప్పాడు.

కానీ శ్యాంసుందర్ ఫారం ఇంకా ఖాళీగానే ఉంది. ఆయన పెన్ను మూత తీసి, మొదటి పరుగు విఫలం కావడానికి కారణం, బాధ్యుల పేరు చెప్పమన్నాడు.

"నా పేరు రాయుండ్రి," అన్నాడు ఉపేందర్. "డ్రైవర్‌ను నేను. రోడ్డు సూసుకోకపోవుడు నా తప్పే."

అదే సమయానికి తాత మూట చంకలో పెట్టుకుని నెమ్మదిగా మా దగ్గరికి వచ్చాడు. మొహమంతా నవ్వు.

"గెలిచినవ్ బిడ్డా. మరి అన్నం ఎసరుతోని రోడ్డెందుకు కడిగిండ్లు?"

ఉపేందర్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వద్దని. పెన్ను కాగితం మీదికి వంగింది.

నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. ఒకరు నా చేతికి స్పానర్ ఇచ్చారు. ఇంకొకరు ఆ స్పానర్ దగ్గరికి నన్ను పంపారు. ఒకరి పేరు ఆ ఫారంలో పడితే బతుకు ఆగిపోతుంది. ఇంకొకరి పేరు నేను తలదించుకుని చెబితే ఆయనా తలదించుకుంటాడు. తలెత్తి చెబితే? ఏ లెక్కా వేయకుండానే జవాబు తెలిసింది.

తాత చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాను. గంజి ఆరి గరుకుగా ఉన్న వేళ్లు. వాటిని అందరికీ కనిపించేలా పైకెత్తాను.

"రాయండి సార్. కారణం, బియ్యపు గంజి, కొబ్బరినూనె. నా కారుకు కప్పే గుడ్డ కోసం పొద్దుగాల ఐదింటికి లేచి పట్టించిన గంజి. చేసింది కొత్తవాడ సారయ్య. మా తాత."